మూడో పలక

ముహర్రక్‌ల బూ ఈసా ఇంటెనుక
ఒకప్పుడు జనరేటరుండే అర్ర.
ఇప్పుడు ఒక చిన్న లేతు, ఒక బెంచి వైసు,
గోడ మొలలకు మేం జేసుకున్న పనిముట్లు:
పాత హ్యాక్సా బ్లేడు మూలమట్టం,
లారీ స్ప్రింగు పట్టీల పుట్టిన ఉలి,
ట్యాపు తిప్పే పిడి. దాని మీద నా పేరు చెక్కిన.
లింబాద్రిల "ద్రి" కాడ సుత్తె జారింది,
అది ఎవరి పేరో ఇప్పుడు నేనే చదవలేను.

శుక్రవారం నమాజైనంక
కెటిల్ చాయ్‌తోని వస్తడు బూ ఈసా.
నలబై ఏండ్లు లాంచీ ఇంజన్ల కడుపుల చెయ్యి పెట్టినోడు.
మోకాళ్ళు మడత పడయి గని
కండ్లు వెంట్రుకను నాలుగు చీలికలు చూస్తయి.
వారమంతా నేను అల్యూమినియం కిటికీలు కోస్త,
గుల్ జమాన్ ట్యాంకర్లకు వెల్డింగ్ పెడతడు.
ఆ అర్రల టైము కార్డు లేదు.

"సాఫు పలక ఒకటి కొందామా?" అన్న ఒకనాడు,
"దుకాణంల రెండు నెలల జీతమంత చెప్తున్నరు."
బూ ఈసా నవ్విండు:
"లోకంల మొదటి సాఫు పలకను
దేని మీద పెట్టి చూసిండ్రు?"

విరిగిన లాంచీ ఇంజను పీఠం, పోత ఇనుము,
మూడు తునకలు కోసినం. మనిషికొకటి.
తునకకు తొమ్మిది కిలోలు.
అరిగిన ఆకురాయి మూతిని సానబట్టి
గీరుడు కత్తి చేసుకున్నం.
బట్టల నీలిమందు ఇంజనాయిల్ల కలిపి
ఒకదానికి పూసి, ఇంకోదాన్ని బోర్లేసి రుద్దుడు.
నీలం అంటిన కాడ ఎత్తు.
ఎత్తును గీరుడు, మల్ల పూసుడు, మల్ల రుద్దుడు.
నల్ల నువ్వుల పొడి లెక్క రాలేది ఇనుము.
"శ్వై శ్వై" అనేటోడు బూ ఈసా.
"ఖల్లి వల్లి, వెంట్రుకంతే గదా" అన్న ఒకసారి.
ఆ వారం నాకు చాయ్ పోయలే.

ఎండకాలం గాలి కూడ ఉప్పే.
నూనె గుడ్డ కప్పుడు మరిచిన రాత్రి
తెల్లారేసరికి పలక నిండ పసుపు దద్దుర్లు.

రంజానుకు ముందు గుల్ జమాన్
కంపెనీ మారి వంతెన అవతల దమ్మాం పోయిండు,
తన పలకను గోనెసంచిల చుట్టి బెంచి కింద పెట్టి.

మిగిలిన రెండింటితోనే పని సాగించినం.
రెండు నెలలకు అతికినయి.
ఎట్లంటే, పైదాన్ని లేపితే కిందిది కూడ లేసింది.
బూ ఈసా చప్పట్లు కొట్టిండు, నేను ఫోటో తీసిన.

ఎందుకో గోనెసంచి విప్పిన.
దాని మీద నా పలక పెడితే
టక్కు టక్కున ఊగింది.
బూ ఈసాది పెడితే
అంచుల మీదనే నిలబడ్డది, నడుమ ఖాళీ.

నా బొర్రకు ఆయన గుంట సరిపోయింది, గంతే.
రెండూ వంకరే.
చాయ్ చల్లారిపోయింది ఆనాడు.

వీడియో కాల్‌ల పడి పడి నవ్విండు గుల్ జమాన్:
"నేను లేకుంటే మీరిద్దరు
ఒకరి అబద్ధం ఒకరు మెచ్చుకుంటరు."

అతని వంతు గూడ నేనే గీరిన.
ఎడమ చేతోడతడు, అందుకని ఎడమ చేత్తోనే.
ఆ పలక మీద గీతలన్నీ
అటు దిక్కు వాలి ఉంటయి ఇప్పటికీ.

సెలవుకు పోతుంటే ఎయిర్‌పోర్టుల
నా సంచి ఆపిండ్రు. లుంగీల చుట్టిన తొమ్మిది కిలోలు.
"ఏ మిషను పార్టిది?"
"ఏ మిషనుదీ కాదు సార్."
"మరేం చేస్తది?"
"ఏం చెయ్యదు.
తక్కినయి సక్కగున్నయా లేవా చెప్తది."
కుర్ర ఆఫీసరు, నమ్మలే.
వేలు పెట్టి రాసి చూసిండు, చానాసేపు,
కండ్లు గూడ మూసుకుండు ఒక గడియ.
గీతల గుంటలల్ల ఎండని నీలం.

పాస్‌పోర్టు తిరిగిచ్చినప్పుడు చూస్తే
నా ఫోటో పక్కన ఆయన వేలిముద్ర,
సగం.