ఎనిమిదో ఆగుడు

కబ్బన్‌పేట సందులో
మగ్గం గుంటను సిమెంటుతో పూడ్చిన చోటే
పన్నెండు తలల మిషన్ నిలబెట్టాం.
వానలొస్తే అక్కడ నేల ఇంకా చెమ్మగిల్లుతుంది.

పాత ఫ్లాపీలో దొరికింది ఓ గండభేరుండం.
పేరుకు ఎనిమిది అక్షరాలే చోటు,
పక్షి సగంలోనే తెగిపోయింది.
పంచింగ్ నరసప్పది. అలాగని ఎక్కడా రాసి లేదు,
ముక్కు దగ్గర దారం మళ్లిన తీరే చెబుతుంది.

తెరిచి చూస్తే అందులో బొమ్మ ఉండదు.
రెక్క అన్న మాట లేదు, గోరు అన్న మాట లేదు.
కుట్టుకు మూడు బైట్లు, అంతే:
ఇక్కణ్ణించి పక్కకి ఇంత, పైకి ఇంత,
మిల్లీమీటరులో పదో వంతు లెక్కన.
ఎక్కడున్నావంటే చెప్పలేదు,
ఎంత జరగాలో చెబుతుంది.
పన్నెండు మిల్లీమీటర్లు దాటితే ఒక్క అంగలో పోలేదు,
సూది దించకుండా గెంతుతుంది
మురిక్కాలవ దాటే పిల్లాడిలా.
మధ్యలో ఒక్క లెక్క చెడిందా,
మిగిలిన పక్షంతా పక్కింటికి జరిగిపోతుంది.

రంగు సంగతి దానికి తెలియదు.
'ఆగు' అని ఉంటుంది, తొమ్మిది చోట్ల.
ఆగి ఏ దారం ఎక్కించాలో
నరసప్ప చీటీ రాసి ఫ్లాపీ కవరులో పెట్టేవాడు.
చీటీ లేదు.
టీ గ్లాసు కింద వేసి పారేశామేమో.

అడుగుదామంటే మనిషి పోయి నాలుగేళ్లు.

ఊహించి కుట్టాం. మెడలకు నెమలికంఠం,
ఈకలకు జరీ,
ఎనిమిదో ఆగుడులో, కళ్లకు, ఎరుపు.
నిమిషానికి ఎనిమిది వందల కుట్లు.
పన్నెండు రవికెల వీపుల మీద
నలభై ఎనిమిది కళ్లు
ఒక్కసారే తెరుచుకున్నాయి.

గెంతిన దారాలు కత్తిరించడానికి వచ్చింది చౌడమ్మ,
ఆయన పెళ్లామే. పీసుకి రెండు రూపాయలు.
ఒక ముక్క ఎత్తి ట్యూబులైటు కింద తిప్పింది.
"కళ్లు ఎర్రవి కావు," అంది. "పసుపు."

ఏ షేడని ఎగబడ్డాం.

"నాకేం తెలుసు. ఆ రోజు ఎరుపు అయిపోయింది.
చిక్కపేట పోయి తెమ్మంటే వాన.
ఇంట్లో ఉన్నది అదొక్కటే."

ఒక్కో కన్నుకి రెండు పొరలు.
ఆమె కత్తెర తీసుకుని కూర్చుంది.
నేను క్యాలెండర్ కాగితం చింపి రాశాను:
ఎనిమిది, పసుపు.
పక్కనే, ఎందుకో, వాన.

రేపు రాత్రి షిఫ్టు కుర్రాడు అడుగుతాడు,
అది ఏ కంపెనీ దారమని.