ఒట్టి బరువు

పోర్టు వేబ్రిడ్జిలో ఇరవై తొమ్మిదేళ్ల గుమస్తాగిరీ.
మనుషుల పేర్లు మర్చిపోతాను గాని
లారీల ఒట్టి బరువులు ఇప్పటికీ నోటికొస్తాయి.
ఈ లేలాండ్ కామెట్టుది నాలుగు వేల నూట ఇరవై కిలోలు.
గరివిడి నుంచి మాంగనీసు మోసుకొచ్చి
కాటా ఎక్కి ఒకసారి దగ్గేది,
ఆ దగ్గుకి ముల్లు వణికేది.

మల్కాపురంలో ఓ ప్రహరీ వెనక మళ్లీ కనబడింది.
క్యాబిన్‌లో కోడి పొదుగుతోంది.
పిల్లలు దిగేదాకా ఆగి లారీని కొన్నాను.
మా ఆవిడ ఏమీ అనలేదు,
పింఛను పుస్తకం బీరువాలో పెట్టి తాళం వేసింది.

తలుపులు దొరికాయి. అద్దాల రబ్బరూ దొరికింది.
దొరకనిదల్లా ఐడ్లర్ గేరు,
సాసరంత ఇనుము.
జ్ఞానాపురం జకరయ్య కళ్లజోడు నుదుటి మీదకి తోసి
"కంపెనీయే మర్చిపోయిన నంబరు బాబూ అది" అన్నాడు.
అయినా మూడు గోనెసంచులు బోర్లించాడు.
బేరింగులు, బుష్షులు, ఏ బండివో తెలియని స్ప్రింగులు
చిల్లరలా దొర్లాయి.
ఆఖరికి గొంతు తగ్గించి, పెళ్లి సంబంధం చెప్పినట్టు:
"ఫిషింగ్ హార్బర్‌లో మైలపల్లి బండియ్య బోటుంది.
దాని గుండె కామెట్టుదే."

వేట నిషేధం రోజులు.
బోట్లన్నీ ఒకదాని భుజం ఒకటి ఆనుకుని కునుకుతున్నాయి.
బండియ్య వల కుట్టుకుంటూ మొత్తం విన్నాడు.
"అమ్మను" అన్నాడు.
సూది రెండు కన్నాలు దాటాక
"అరువిస్తాను. జూన్ పద్నాలుగు రాత్రికి
నా ఇంజిన్లో ఉండాల."
కాగితం అడగలేదు. నా చేతులు చూశాడు,
గుమస్తా చేతులు. కొంచెం నవ్వాడు.

ఆటోనగర్‌లో కిరసనాయిలుతో కడిగితే
నలభై ఏడు పళ్లు,
నాలుగు మాత్రం చేపముల్లంత సన్నబడ్డాయి.
దాలినాయుడు ఒక్కొక్కటీ తడిమాడు,
పసిపిల్ల చిగుళ్లు తడిమినట్టు.
"అరిగినదాన్ని కొలిస్తే అరుగుదలే వస్తాది బాబూ.
అరక్కముందు ఎలాగుండేదో ఊహించాల."
మే నెలంతా ఊహించాడు.
మూడోది కుదిరింది.

ఇక్కడ నాకు ఆశ పుట్టింది, చెప్పకపోతే తప్పు.
పాతది బండియ్యకిచ్చేసి
కొత్తది నేనుంచుకుందామనుకున్నాను.
దాలినాయుడు గుడ్డతో చేతులు తుడుచుకుంటూ
"లారీ ఆగిపోతే కిందకి దూరి చూస్తాం,
నేకపోతే గట్టు మీద కూకుని బీడీ కాలుస్తాం.
ఈ నాలుగు పళ్లూ నడి సముద్రంలో రాలిపోతే
ఆడు దేని కిందకి దూరతాడు?"
"మరి కొత్తది నిలబడుతుందని నమ్మకమేంటి?"
"నమ్మకమెందుకు? నీ లారీ ఉంది కదా."

అలా ముప్పై ఒక్క ఏళ్లకి లేచింది కామెట్టు,
తన కోసం కాదు, ఒక బోటు కోసం.
ఇసుక బస్తాలు నింపుకుని
శృంగవరపుకోట దాటి అనంతగిరి ఘాటు
మూడుసార్లు ఎక్కింది, దిగింది.
పనసపళ్లమ్మేవాళ్లు లేచి నిలబడ్డారు,
ఎందుకో వాళ్లకీ తెలియదు.
పదమూడున విప్పి చూస్తే
నల్లనూనె కింద ఒక్క గీత లేదు.

పద్నాలుగు రాత్రి. హార్బరంతా పసుపునీళ్లు, కొబ్బరి పీచు.
రెండు గేర్లూ బల్ల మీద పెట్టి జరిగింది చెప్పాం.
బండియ్య బొటనవేలితో రెంటినీ తడిమి
పాతదాన్ని నా వైపు తోశాడు.
ఇంజిను తిప్పాక చెవి ఒగ్గి
"గొంతు మారింది" అన్నాడు.
ఇంకాసేపు విని
"పరవాలేదు, అలవాటైపోద్ది."

అరిగిన గేరు ఇప్పుడు నా లారీలో.
పాతిక కిలోమీటర్ల వేగం దాటనివ్వను.
నిన్న కాటా ఎక్కించాను. ముల్లు లేదు, అంకెలే.
నాలుగు వేల ఎనభై ఒకటి.
ముప్పై తొమ్మిది కిలోలు
తుప్పు తిన్నదెంతో, ఉప్పుగాలి పట్టుకెళ్లిందెంతో.
కుర్రాడు చీటీ చింపుతూ
"లోడేంటి సార్?" అన్నాడు.
కాస్త ఆలోచించాల్సి వచ్చింది.
"ఖాళీయే" అన్నాను.