ఏడో నంబరు

కోస్గి దాటినంక మా తండాల
నూటా నలభై ఓట్లు, ముప్పై ఒక్క తాళం.
పిల్లలకు గుడ్లు పంచినంక
లిస్టు సంకల వెట్టుకొని ఎండల తిరుగుత.
కాగితం మీద బీఎల్వోను,
ఇండ్ల కాడ టీచరమ్మనే.

రూప్లా ఇంటి తాళానికి తుప్పు.
గొళ్లానికి కట్టిన ఎర్రగుడ్డ ఎండకు తెల్లగైంది.
"పుణె వోయిండ్రు, కంకర పనికి"
పక్కింటి జమ్లీ చాటల బియ్యం ఏరుకుంటనే చెప్తది.
మీదికెల్లి వచ్చిన మాట:
మూడుసార్లు వోయినా మనిషి లేకుంటె
ఏడో నంబరు ఫారం రాయి, పేరు తియ్యి.

సచ్చినోళ్లకూ అదే ఫారం.
అదే గీత, అదే పెన్ను.

రూప్లా పోయిన నెలనే ఫోన్ చేసిండు,
"టీచరమ్మా, బోరు కాడి కంది పూతకొచ్చిందా?"
కంది పూత అడిగెటోడు
ఊరిడిసినోడు ఎట్లయితడు?
గడిల ఏం రాయకుంట ఇడిసిన.
మండలంల సారు అందరి ముంగట తిట్టిండు.

ఆరో నంబరు సక్రీకి.
పుట్టిన తేదీ ఏందే అంటె
"మొదటి బోరు పడ్డ ఏడు" అంటది వాళ్లమ్మ.
మెమోల జూన్ ఒకటి.
మా తండ పిల్లలందరు జూన్ ఒకటినే పుట్టిండ్రు,
బడి సారు చేతుల!
ఫొటోల నవ్వొద్దన్న. నవ్వనే నవ్వింది.

పోలింగు నాడు చీకట్లనే
డీసీఎం ఆగింది బడి ముంగట.
కిరాయి ఎవలు కట్టిండ్రో
వాళ్లు చెప్పలే, నేను అడగలే.
తెల్లటి కంకర దుమ్ముతోని
లైన్ల నిలవడ్డరు.

సిరా సారు రూప్లా చెయ్యి వట్టుకొని ఆగిండు.
ఎడమచేతి చూపుడువేలు లేదు,
మిషన్ తిన్నది.
"పక్క వేలికి వెట్టుండ్రి సారూ,
రూల్ బుక్కుల ఉన్నది"
తలుపు కాడికెల్లి అరిసిన నేనే.
నా గొంతు నాకే కొత్తగ ఇనవడ్డది.

సక్రీ బయటికొచ్చింది చెమటలతోని.
"అద్దంల చిట్టి కనవడ్డది టీచరమ్మా,
ఏడు లెక్కవెట్టిన,
డబ్బల వడ్డది."

మాపటికి డీసీఎం కదిలింది.
రూప్లా కొత్త తాళం ఏసి
చెవి నా చేతుల వెట్టిండు.
"మల్ల లిస్టు వట్టుకొని వస్తరు గద,
తీసి చూపియ్యి.
గోడకు మా చెద్దర్లు ఏలాడుతున్నయి."