ఎర్షో కుండ

గోందర్‌లో మళ్ళీ కరెంటు పోయింది.
తెర మీద పేగు బొమ్మ సగంలో ఆరిపోయింది.
నలభై ఒక్కమంది, ఇంకా మడత నలగని తెల్లకోట్లు,
మసక వెలుతురులో పెన్నులెత్తి నా వంక చూశారు.

సరే, ముందు నా పాత నోట్సులో ఒక వాక్యం కొట్టేయండి.
మన కణం ఒకటికి వాటివి పది అని నిరుడు రాయించాను.
కాదట. ఇంచుమించు సరిసమానమట.
మనిషంటే పొత్తు సేద్యం.

వెనక బెంచీలో ఎందాల్క నవ్వాడు:
"అయితే నేను మందిచ్చేది ఎవరికి మేడమ్?"

స్లయిడ్లలో లేదు జవాబు.
వొయిన్షెత్‌ని లేపాను.
ఈ బల్లే నీ కౌంటరు. నేను జలుబు చేసిన ముసలమ్మని.
చీటీ లేదు. ఎర్రా పసుపూ గొట్టంబిళ్ళలు కావాలి, నాలుగు చాలు,
పక్కింటావిడకి వాటితోనే తగ్గింది.

"మీ శరీరంలోని సూక్ష్మజీవుల సముదాయం..."
ఏమిటమ్మా?
మళ్ళీ అదే, ఇంకాస్త గట్టిగా.
నాకు చెవుడు లేదమ్మా, అన్నాను.

ఆగింది. చేతులు కోటు జేబుల్లో దాచుకుంది.
ఈసారి వచ్చింది తరగతి గొంతు కాదు, వంటింటిది.
"అమ్మా, మా వదిన కొత్తగా వచ్చినప్పుడు
ఎర్షో కుండని మురికనుకుని
వేన్నీళ్ళూ సబ్బూ పోసి తోమేసింది.
వచ్చే వాయికని దాచిన పచ్చటి పులుపునీళ్ళు కాలవపాలు.
మా అమ్మ తిట్టలేదు. టెఫ్ పిండి కలిపింది, మూడు రోజులు ఆగింది.
పెనం మీద ఇంజెరా పరుచుకుంది గానీ
ఒక్క కన్నూ తెరవలేదు.
గిన్నె పట్టుకుని పొరుగింటికెళ్ళి తోడు తెచ్చుకున్నాం.
మీ కడుపులోనూ ఒక కుండ ఉంది.
ఈ బిళ్ళలు జలుబుని ముట్టుకోవు, కుండని తోమేస్తాయి.
దానికి తోడు ఏ పొరుగింట అడుగుతారు?"

ఎవరూ రాసుకోలేదు.
నాకు మాత్రం బహిర్ దార్ బస్టాండు పక్కన నా మొదటి కొలువు,
నీలం ట్రేలో చిన్న రేకుతో రెండేసి రెండేసి లాగుతూ
అడిగినవాళ్ళకి అడిగినన్ని.
ఒక్క మాటా చెప్పకుండా
ఎన్ని కుండలు తోమానో.

"మరి న్యుమోనియా అయితే?" ఎందాల్క.
అప్పుడు తోమక తప్పదు. చెప్పి తోము.
డాక్టరు రాసినన్ని రోజులూ తోము.
ఆ తర్వాత ఏం తినాలో అడిగితే
తెలిసినంతే చెప్పు, తెలియనిది తెలియదని చెప్పు.

కరెంటు వచ్చింది. పేగు బొమ్మ వెలిగింది.
ఎవరూ అటు చూడలేదు.
"మీ వదిన ఇప్పుడెలా ఉంది?" అడుగుతోంది ముందు బెంచీ పిల్ల.
"ఇప్పుడా?
ఆ కుండ దగ్గరికి మా అమ్మనే రానివ్వదు."