ఖాళీ మేకులు

బేర్గమో ఎగువ ఊళ్ళో ఫిబ్రవరి మంచు
మెట్ల మీద ఉప్పులా కరకరలాడే పొద్దున
ఆరుగురు పిల్లలు మా కొట్లోకొచ్చారు,
చేతిలో నలిగిన బొమ్మల పుస్తకం.
కార్నివాల్ బండి మీదికి ముఖాలు కావాలట.
లోకాన్ని కాపాడే జట్టట.
అచ్చం బొమ్మలో ఉన్నట్టే ఉండాలట.

నేను తోలు నానబెడుతున్నాను,
మోచేతుల దాకా తడి.
ఒత్తోరీనో తాత కళ్ళజోడు నుదుటికెత్తి
పేజీలు తిప్పాడు తాపీగా, వేలు తడుపుకుంటూ,
పాత అప్పుల చిట్టా చూస్తున్నట్టు.

"వీళ్ళందరూ నాకు తెలుసు.
బట్టలే మార్చారు."

ఛాతీ మీద మెరుపు గుర్తుతో ఎగిరేవాడు
కోతల కెప్టెన్.
నాలుగు వందల ఏళ్ళుగా సంతసంతలోనూ
చేయని యుద్ధాల గాయాలు చూపిస్తున్నాడు.
వీడి ముక్కు మనిషి కంటే ముందు గుమ్మం దాటాలి.
"మావాడు నిజంగానే ఎగురుతాడు!" అన్నాడు తోబియా.
"ఎగరనీ. దిగేటప్పుడు చూడు,
జనం ఉన్నారా లేరా అని ముందు కిందికి చూస్తాడు."
పేజీ తిప్పితే అలాగే ఉంది.

ఉక్కు కోటలో యంత్రాలు కొనేవాడు పిసినారి వర్తకుడు.
జట్టుకి బండీ తిండీ వాడివే,
ఎంతయిందో రాత్రి ఒక్కడే లెక్క చూసుకుంటాడు.
పచ్చ తలకాయ మేధావి, డాక్టరు:
అడిగింది ఒకటైతే చెప్పేది పన్నెండు,
రోగి పోయినా ఉపన్యాసం పోదు.

రెప్పపాటులో ఊరు చుట్టొచ్చే కుర్రాడి దగ్గర ఆగాడు.
"వీడెందుకు పరిగెడతాడు?"
పుస్తకంలో ఏదో ప్రయోగశాల, ఏదో పిడుగు.
"ఆకలిరా," అన్నాడు తాత.
"కొండ దిగొచ్చి రేవులో మూటలు మోసినవాడు.
కోటి విద్యలు కూటి కొరకే.
వీడు పరుగు నేర్చింది పరాయి వంటిళ్ళ వాసన వెంట."
నుదుటన ఒక బొప్పి గీశాడు.
ఎవరు కొట్టారో చెప్పలేదు.

మాయమైపోయే అమ్మాయి బొమ్మ రాగానే
తాత కన్నా ముందు నాకు తెలిసింది.
పనిపిల్ల.
కింది ఊళ్ళో ఒక వకీలు ఇంట్లో
నాలుగేళ్ళు గాజు గ్లాసులు తుడిచాను.
నేను గదిలో ఉండగానే ఆస్తులు పంచుకున్నారు,
ఒకరి ఉత్తరాలు ఒకరు విప్పుకున్నారు,
ఒకసారి ఆయన ఏడ్చాడు కూడా.
నేను లేను.
తాత నా వైపు చూడలేదు,
చూడకపోవడమే మర్యాద అనుకున్నాడేమో.
"పాత ఆటలో దీనికి ముసుగు లేదు," అన్నాడు.
"ఎటూ ఎవరూ చూడరు."

చివర నాయకుడు, కాలాన్ని ఆపగలవాడు.
ఆ వేషం ఇలారియాది. డబ్బాడు చిల్లర తెచ్చింది.
తాత లెక్కపెట్టకుండానే వెనక్కి తోశాడు.
"ఒక్క చూపు కోసం గడియారాలు ఆపేవాడు ప్రేమికుడు కాక ఇంకెవరు?
వాడికీ ముసుగు ఉండదు. వాణ్ణి చూడటానికే కదా జనం వచ్చేది."
"ముసుగు లేకపోతే నేనెవరో ఎలా తెలుస్తుంది?"
తాత కొమ్ము సుత్తి అందుకున్నాడు.
తడి తోలు మీద టకటకా, టకటకా,
మధ్యాహ్నం దాకా అదే జవాబు.

రెండు వారాలకి నాలుగు ముఖాలు ఆరాయి.
గోడకి ఆరు మేకులు కొట్టాను నేను, అలవాటుగా.
రెండు అలాగే ఉండిపోయాయి.

కార్నివాల్ నాడు బండి వచ్చింది.
పొడుగు ముక్కుల కింద పిల్లలు అరుస్తున్నారు.
నడిమధ్య ఇలారియా, చలికి ముక్కు కారుతూ,
చెయ్యెత్తి నిలబడింది.
జనం నిజంగానే ఒక క్షణం ఆగారు.

నేను మాత్రం బండి అంచున
రంగుకాగితాల సంచి పట్టుకున్న
బక్కపిల్ల తెయొదోరానే చూశాను,
మలుపు తిరిగేదాకా.
కనిపెట్టినట్టుంది,
నాలుక బయటపెట్టి వెక్కిరించింది.