ఎడం పక్క

ఐసు మరలో గడ్డలు నలగ్గొట్టిన పదకొండేళ్లు
నా చెవుల్లో ఇంకా తిరుగుతున్నాయి.
మిగతా లోకం
తడి గోనె కప్పుకుని మాట్లాడుతుంది.

అమలాపురం క్యాంపులో పెట్టిన మిషన్లు మంచివే.
ఇంట్లో పోపు చిటపట తెలిసింది,
మనవరాలి పట్టీలు ఏ గదిలో ఉన్నాయో తెలిసింది.
పల్లిపాలెం రేవులోకొస్తేనే వాటికి మతి పోతుంది.
మాట పెంచితే జనరేటరూ పెరుగుతుంది,
కాకులు పెరుగుతాయి,
సిమెంటు మీద ఈడ్చే ట్రేలు పెరుగుతాయి.
ఆ మధ్యలో ఎక్కడో
తిరుమాని వీర్రాజు పాట.

పాటంటే వేలమేనండి, రాగం ఉండదు.
చందువాలకో అంకె, మాగలకో అంకె,
బుగ్గన పొగాకు, వంకరపోయిన పెదాలు.
ఆ పెదాల మీద ఆరొందలూ ఏడొందలూ కవల పిల్లలు.
ఒక శ్రావణంలో ఆరనుకుని తలూపాను.
ఆ గంపలో నా కుట్టుమిషను పోయింది.

క్యాంపులో రోజ్‌లిన్ అని ఓ పిల్ల,
సోడా మూతంత మైకు చేతిలో పెట్టింది. వెనక పిన్ను.
"ఎవరి మాట కావాలో వాళ్ల చొక్కాకి పెట్టెయ్, పిన్నీ.
మిగతా గోల దానికి అక్కర్లేదు."

వీర్రాజు గుండీ పక్కన దాన్ని పెట్టిన రోజు
రేవంతా నవ్వింది.
"ధనకొండ పాటగాడికి తాళి కడతందిరోయ్!"
ఎందుకు నవ్వుతున్నారో తెలిసి నేనూ నవ్వాను.
అదీ కొత్తే.

ఆ గొంతు గాలిలో రాలేదు.
నేరుగా నా తలలో దీపం ముట్టించినట్టు:
ఆరొందల యాభై.
ఆరొందల డెబ్బై.
ముల్లు తీసిన చేపంత శుభ్రంగా ఒక్కో అంకె.
ఉమ్ము మింగడం, ఊపిరి, చొక్కా రాసుకునే గరగర
అన్నీ నావే.

మూడో వారం అనుకుంటాను.
పాట అయిపోయింది. మైకు మరిచి
ఐసు షెడ్డు వెనక్కి వెళ్లాడు.
నేను చందువాలు ఎంచుతుంటే
ముందు గోడ మీద ఒంటేలు పోసిన చప్పుడు.
నవ్వాపుకుని, ఆపుదామని చూస్తే
చేతుల నిండా పొలుసు.
తుడుచుకునే లోపల ఫోను మోగింది.

"ఆయ్, డాక్టరు గారండీ. ఎడం పక్క అసలినపడతా లేదండి.
ఈల ఒకటే, రేత్రీ పగలూ.
కుడి పక్కోళ్లని సూసి పాడేత్తన్నానండి.
మిసనెడితే ఊరంతా తెలిసిపోద్దండి.
సెవిటోడి పాటని ఎవడొప్పుకుంటాడండీ?"

పొలుసు చేత్తోనే బొత్తాం నొక్కాను.
వినపడకపోవడం నాకు పాతదే.
వినకపోవడం అప్పుడే మొదలు.

కాకులు తిరిగొచ్చాయి.
అన్నాచెల్లెళ్ల గట్టు దగ్గర పోటు తిరుగుతోంది.
దాని చప్పుడెలా ఉంటుందో మరిచిపోయాను,
రంగు మాత్రం తెలుసు.

ఎన్నాళ్లుగా గొణుక్కున్నాం ఆడవాళ్లం,
ఎడం పక్క కూర్చుంటే వీర్రాజు మన కేక అందుకోడని,
షావుకార్లకి అమ్ముడుపోయాడని.
నేనే రెండుసార్లు వాడి వంశాన్ని తిట్టాను.

తెల్లారి మైకు పెడుతుంటే
నా మొహం చూడకుండా అడిగాడు:
"నిన్న మర్సిపోయేను. ఏవన్నా ఇనపడిందా?"
"కాకులు," అన్నాను.

కుడి పక్క నా పాత చోటు వదిలి
ఎడానికి గంప లాక్కున్నాను.
బంగారి కేక వేసింది.
నేను కేక వినలేదు, నోరు చూశాను.
నోళ్లు చదవడంలో నాది పెద్ద చదువు.
లేచి నిలబడి వేళ్లెత్తాను, ఎనిమిది.

వీర్రాజు తల తిప్పాడు.
"ఆరొందల ఎనభై, ఎడం పక్క!"
నా తలలో ఆ గొంతు కాస్త వణికింది.
గుండీ రాసుకుందో ఏమో.