పెద్దలు లేని ఊరు

పెద్దలు లేని ఆ ఊళ్లో
పెద్దలం యాభై ఇద్దరం.
పిల్లలు ముప్పై ఒక్కరు.
నెవాడా ఎడారిలో రాగి గని మూతపడ్డాక
గాలి తప్ప ఎవరూ కాపురం చెయ్యని వీధి.
నీడ కెమెరాలో పడకుండా నడవడం
మేం వారంలో నేర్చుకున్నాం.

నా పని శబ్దం.
ముప్పై ఒక్క చొక్కాలకి మినపగింజంత మైకులు.
గోడలకి చెవులుంటాయంటారు,
అక్కడ ఆ చెవులు నావే.
పలకల గోడకి ఇవతల, పాత బ్యాంకు గదిలో
హెడ్‌ఫోన్స్ పెట్టుకుని కూర్చునేవాణ్ణి.
కాంట్రాక్టులో రాసి ఉంది:
వాళ్లు పిలిస్తే పలకకూడదు.

మొదటి రోజు జావ మాడ్చారు.
గిన్నె ఎవరు తోమాలని సభ పెట్టారు.
పదేళ్ల వెండెల్ అన్నాడు,
"తిన్నవాళ్లు తోమాలి."
"తిననివాళ్లు కూడా," అంది ఒడెస్సా,
"వాసన అందరం పీల్చాం."
అర్ధరాత్రి దాటింది.
గిన్నె అలాగే ఉంది.
నేను పిడికిలి కొరుక్కుని నవ్వాను.

నాలుగో రోజుకి వంతులు రాసుకున్నారు,
బొగ్గుతో, తలుపు మీద, తప్పులతో.
పోట్లాటలు తగ్గాయి.
మా డార్లీన్‌కి నిద్ర తగ్గింది.
"గొడవ లేని ఊరిని ఎవడు చూస్తాడు?"

ఆ రాత్రి నీళ్ల పీపాలు సగం మాయమయ్యాయి.
ఒక పీపా దొర్లించింది నేనే.
మూత వదులుగా ఉంది,
నా బూటు తడిసింది.

పొద్దున్నే నేరం థాడియస్ మీద పడింది.
వాడికి దాహమెక్కువ,
వాడి మాట నత్తి,
అంతకన్నా సాక్ష్యం ఏం కావాలి?
దుప్పటి లాక్కుని వరండాలో పడుకోమన్నారు.
ఆ తీర్పు చెప్పేటప్పుడు వెండెల్ గొంతు
అచ్చం ఎవరో నాన్న గొంతులా ఉంది.
ఎవరిదో నాకు తెలీదు.
నేర్చుకునే వచ్చాడు, పాపం.

రాత్రి రెండున్నర.
ఎనిమిదేళ్ల మారిసెల్
చొక్కా గుండీ దగ్గర నోరు పెట్టింది.
ఊపిరి ముందు వినిపించింది, తర్వాత మాట:
"వింటున్నావు కదా?
నీళ్లు థాడ్ తియ్యలేదు కదా?"

బూటు ఇంకా ఆరలేదు.

"మాట్లాడొద్దులే," అంది.
"అవునైతే దగ్గు."

నేను దగ్గాను.
ఒక్కసారి. పొడిదగ్గు.
పలకల సందులోంచి అటు వెళ్లింది.

తెల్లారి సభలో ఆమె సాక్ష్యం:
"గోడ దగ్గింది."
పన్నెండు మంది నవ్వారు,
పంతొమ్మిది మంది చేతులెత్తారు.
దుప్పటి వెనక్కి వచ్చింది.
ఆ సభ ఎపిసోడ్‌లో లేదు.
నా జీతంలో మూడు వందల డాలర్లూ లేవు.

ఇప్పుడు ఎవరైనా అడుగుతారు,
నువ్వక్కడే ఉన్నావు కదా,
పిల్లలు ఊరు నడపగలరా అని.

తెలీదంటాను.
వాళ్లని వాళ్లకి వదిలేసిన రోజు
ఒక్కటీ నేను రికార్డు చెయ్యలేదు.

జావ గిన్నె మాత్రం థాడ్ తోమాడు.
వంతు వాడిది కాదు.
ఇసకతో, చాలాసేపు,
ఏదో గొణుక్కుంటూ.
ఆ గొణుగుడులో
నత్తి లేదు.